మోటారు బండి షాఫ్టు: వ్యాధులు, లక్షణములు, చికిత్స



గ్రంథాలయ రజతోత్సవ సభయందు కావ్యములను గూర్చియు, చరిత్రను గూర్చియు ప్రసంగించుట పరిపాటి. ఒక ఇనుప కడ్డీని గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని నేటి గ్రామజీవనము మోటారు బండిపై ఎంతగా ఆధారపడియున్నదో యోచించినచో ఆ వింత తొలగిపోవును. ధాన్యము మార్కెట్టుకు చేరవలెనన్నను, నొప్పులు పడుచున్న స్త్రీ ఆసుపత్రికి చేరవలెనన్నను, పొలము దుక్కి కావలెనన్నను జీపో, కారో, లారీయో, ట్రాక్టరో కదలవలెను. ఇంజనుకు ఎంత బలమున్నను ఆ బలమును చక్రమునకు చేర్చునది షాఫ్టు. అది తెగినచో ఇంజను మ్రోగుచునే యుండును. బండి మాత్రము అంగుళమైనను కదలదు.

షాఫ్టు సాధారణముగా ఒక్కనాటిలో చెడదు. చెడుటకు ముందు చప్పుడు చేయును, వణకును, గ్రీజు కక్కును. ఈ సూచనలను గుర్తించినవారికి స్వల్పవ్యయముతో పని ముగియును. గుర్తించనివారికి పెద్ద ఖర్చు తప్పదు. ఒక్కొక్కప్పుడు ప్రాణముమీదికే రావచ్చును. కనుక ముందు విని, చూచి, దోషమెచ్చటనో నిర్ణయించుకొని, ఆ పిమ్మట మాత్రమే పానా చేతబట్టవలెను. ఈ ప్రసంగ సారమంతయు ఇదియే.

వ్యాధిని తెలియుటకు ముందు శరీరనిర్మాణము కొంత తెలియవలెను. లారీలలోను, జీపులలోను ఇంజను ముందుభాగమున నుండి, వెనుక చక్రములను త్రిప్పును. గేరుపెట్టె చట్రమునకు బిగించియుండును. వెనుక ఇరుసు కమానులపై నుండుటచే రోడ్డు గతుకులను బట్టి పైకి క్రిందికి ఊగుచుండును. కదలని దానికిని, ఊగెడి దానికిని నడుమ నిలువైన కడ్డీని బిగించినచో మొదటి గుంటయందే విరిగిపోవును. అందుచేత కడ్డీకి రెండు చివరల కీళ్ళు అమర్చిరి. ఇరుసు ఊగునపుడు దూరము మారుచుండును గనుక, ఒకదానిలో నొకటి జారు పండ్ల గొట్టమును గూడ అమర్చిరి. ఈ కడ్డీయే ప్రొపెల్లర్ షాఫ్టు. మోకాలువంటి ఆ కీలును యూనివర్సల్ జాయింటు అందురు. దాని నడుమనుండు కూడిక గుర్తువంటి ముక్కను పనివారు క్రాసు అని పిలుతురు. క్రాసు నాలుగు కొనలకు నాలుగు కప్పులు, ఆ కప్పులలో సూదులవంటి సన్నని బేరింగులు ఉండును.

ఈ కీలు మోటారు బండికంటె పాతది. 16వ శతాబ్దమున ఇటలీ పండితుడు కార్డానో పేరున ఈ విధమగు అమరిక ప్రసిద్ధి చెందెను. 17వ శతాబ్దమున ఇంగ్లండునందు రాబర్టు హుక్ దాని నడకను వివరించెను. 1903లో అమెరికాయందు క్లారెన్సు స్పైసరు మోటారు బండ్లకు తగిన కీలుకు పేటెంటు పొందెను. ఈ కీలునకు పుట్టుకతో వచ్చిన లోపమొకటి కలదు. వంగి తిరుగునపుడు దాని వడి సమముగా నుండదు. ఒక్కొక చుట్టునకు రెండుమారులు హెచ్చి, రెండుమారులు తగ్గును. షాఫ్టు రెండవ చివర ఇంకొక కీలును అదే కోణమున, తగిన వరుసలో అమర్చినచో మొదటిదాని లోపమును రెండవది సరిచేయును. ఈ వరుస తప్పినచో క్రొత్త సామాను వేసినను బండి వణకుచునే యుండును. షాఫ్టును విప్పుటకు ముందు రెండు ముక్కలపైనను సున్నముతోనో రంగుతోనో గుర్తు పెట్టుకొనవలెనని పెద్ద పనివారు చెప్పుటకు కారణమిదియే.

ముందు చక్రములను ఇంజను త్రిప్పు కార్లలో సమస్య వేరు. ఆ చక్రములు ఊగుటయే గాక, మలుపులలో ప్రక్కకు గూడ తిరుగవలెను. అంత కోణమున సాధారణమైన క్రాసు పనికిరాదు. 1920వ దశకమున ఆల్ఫ్రెడ్ రెజెప్పా అను ఇంజనీరు ఆరు ఉక్కు గుండ్లతో, ఎంత వంగినను సమానమైన వడితో తిరుగు కీలును రూపొందించెను. 1959లో ఇంగ్లండున వెలువడిన మినీ కారు ఇట్టి కీళ్ళకు మిక్కిలి వ్యాప్తి తెచ్చెను. భారతదేశమున 1983లో మారుతి 800 వచ్చిన పిమ్మట ముందుచక్రములు త్రిప్పు కార్లు ఊరూర కానవచ్చినవి. దీనిని సి.వి. జాయింటు అందురు. దానిలోని గ్రీజు బయటకు పోకుండను, మట్టి లోనికి రాకుండను మడతలు గల రబ్బరు తొడుగు ఒకటి కాపాడుచుండును. దానిని బూటు అందురు. నేటి విద్యుత్ కార్లలో సైతము మోటారునుండి చక్రమునకు బలము చేరవేయునది ఈ షాఫ్టే.

ఇక ప్రొపెల్లర్ షాఫ్టు వ్యాధులకు వత్తము. ముఖ్యమైన లక్షణములు మూడు: కిచకిచ, టక్కుమను దెబ్బ, వణుకు.

బండి మెల్లగా పోవునపుడు పిచ్చుక కూతవంటి కిచకిచ వినబడి, వడి హెచ్చినకొలది ఆ కూతయు త్వరపడుచున్నచో, క్రాసు కప్పులలో గ్రీజు ఎండిపోయినదని అనుమానింపవలెను. కప్పు అంచున తుప్పురంగు పొడి కనబడినచో ఆ అనుమానము బలపడును. గ్రీజు నిపిలు గల క్రాసుకు నాలుగు కప్పుల అంచులనుండియు క్రొత్త గ్రీజు కొద్దిగా వెలికివచ్చువరకు గ్రీజు ఎక్కింపవలెను. ఒక కప్పునుండి రాకున్నచో ఆ దారి మూసుకొనియున్నదని అర్థము. తుప్పుపొడి రాలిన క్రాసునకు గ్రీజు పెట్టినచో కూత కొన్నాళ్ళు ఆగును గాని అరుగుదల మానదు. అట్టిదానిని మార్చుటయే మేలు.

గేరు వేసి క్లచ్చి వదలినపుడుగాని, ముందుకు పోవు బండిని వెనుకకు మరల్చినపుడుగాని టక్కుమని దెబ్బ వినబడినచో ఎచ్చటనో లూజు ఉన్నది. దానిని కనుగొనుటకు బండిని చదునైన నేలపై నిలిపి, ఇంజను ఆపి, తాళపుచెవి తీసి, చక్రములకు ముందు వెనుకల కొయ్య అడ్డులు పెట్టవలెను. పిమ్మట గేరును న్యూట్రలునందుంచి, కీలునకు ఇరుప్రక్కల చేతులుంచి ఎదురెదురుగా త్రిప్పి చూడవలెను. కీలులో ఒక ప్రక్క కదలి రెండవ ప్రక్క కదలకున్నచో క్రాసు అరిగినది. జారు గొట్టమువద్ద షాఫ్టు పైకి క్రిందికి కదలినచో దాని పండ్లు అరిగినవి. కీలు రెండు ప్రక్కలును కలిసియే కొద్దిగా తిరిగి ఆగినచో, అది వెనుక ఇరుసులోని పండ్ల చక్రముల నడుమనుండు సందు. అది కొంతవరకు సహజము. ఈ భేదము తెలియక మంచి క్రాసును తీసివేయుటయు, చెడిన క్రాసును ఉంచి ఇరుసు విప్పుటయు అనేక తావుల జరుగుచున్నది.

మరియొక విశేషము. బిగుసుకొనిపోయిన క్రాసు ఈ పరీక్షలో దొరకదు. దానిలో లూజు ఉండదు గదా! షాఫ్టును విప్పి కీలును చేతితో నలువైపుల వంచి చూచినపుడు మాత్రమే పట్టి పట్టి కదలుట తెలియును. మంచి కీలు ఎక్కడను పట్టక నునుపుగా వంగవలెను.

మూడవది వణుకు. ఇది ఇంజనుదా, టైరుదా, షాఫ్టుదా అని ముందు తేల్చుకొనవలెను. బండిని నిలిపియుంచి ఇంజను వడి హెచ్చించినపుడు వణుకు వచ్చినచో అది ఇంజనుదో, దానిని పట్టియుంచు రబ్బరు దిమ్మెలదో యగును. నడచునపుడు మాత్రమే వచ్చుచు, అదే వడిలో గేరు మార్చినను పోకున్నచో అది టైరుదిగాని, షాఫ్టుదిగాని అగును. ముందు టైరు దోషము సాధారణముగా స్టీరింగుచక్రమునందు తెలియును. షాఫ్టు దోషము నేలపలకయందును, కూర్చుండు సీటునందును సన్నని జలదరింపుగా తెలియును.

షాఫ్టు వణుకు సన్నగా నుండుటకు కారణము చిన్న లెక్కతో బోధపడును. గంటకు 60 కిలోమీటర్ల వడిన బండి నిమిషమునకు 1000 మీటర్లు పోవును. చక్రము చుట్టుకొలత 2 మీటర్లైనచో అది నిమిషమునకు 500 చుట్లు తిరుగును. ఇరుసు పండ్ల నిష్పత్తి 4 అయినచో షాఫ్టు 2000 చుట్లు తిరుగును. అంత వడిన తిరుగు గొట్టముపై చిన్న సొట్ట పడినను, తూకముకొరకు అతికిన బిళ్ళ ఊడినను, ఒక ప్రక్కన బంకమట్టి ఎండి పట్టినను అది బండినంతటిని అదరజేయును. కనుక పానా పట్టుటకు ముందు షాఫ్టును కడిగి చూచుట మొదటి చికిత్స. దమ్ముచేసిన పొలమునుండి వచ్చిన జీపు వణుకు ఒక బిందెడు నీళ్ళతో పోయిన పోవచ్చును.

పొడవైన లారీ షాఫ్టు రెండు ముక్కలుగా నుండి, నడుమ రబ్బరులో కూర్చుండు సెంటరు బేరింగు ఆధారముగా తిరుగును. బరువుతో బయలుదేరునపుడు బండి గడగడ అదరి, కొంచెము వడి అందుకొనగానే అదురు తగ్గినచో, ముందుగా ఈ రబ్బరును చూడవలెను. చినిగిన రబ్బరుతో బండి నడిపినచో దాని దెబ్బ రెండు కీళ్ళకును తగులును.

క్రాసు మార్చుటయందు కొన్ని నియమములు కలవు. గుర్తులు పెట్టి షాఫ్టును దింపవలెను. లాకు రింగులు తీసి, కప్పులను బెంచి వైసులో నొక్కి తీయవలెనే గాని, సమ్మెటతో యోకును మోదరాదు. యోకు చెవులు వంగినచో క్రొత్త క్రాసునకు గూడ ఆయువు తగ్గును. క్రొత్త కప్పు ఎక్కించునపుడు ఒక్క సూది ప్రక్కకు ఒరిగినను కప్పు పూర్తిగా కూర్చుండదు, లాకు రింగు గాడిలో పడదు. అట్టి సమయమున బలము ప్రయోగింపక తీసి చూడవలెను. ఒక్క కప్పే చెడినను క్రాసునంతటిని మార్చవలెను. వంగిన షాఫ్టును రోడ్డుప్రక్కన వెల్డింగుచేసి వేసికొనుట ప్రమాదకరము. తూకము చూచు యంత్రము గల షెడ్డునకు దానిని పంపవలెను. ముందు కీలు తెగినచో షాఫ్టు కొన నేలకు దిగి రోడ్డులో గ్రుచ్చుకొని, నడచు బండిని ఎగురవేయగలదను సంగతి మరువరాదు.

ముందుచక్రముల కారుకు ఇంకొక పద్ధతిని పరీక్ష చేయవలెను. ఖాళీ మైదానమున స్టీరింగును పూర్తిగా ఒక ప్రక్కకు త్రిప్పి, మెల్లగా యాక్సిలరేటరు త్రొక్కుచు గుండ్రముగా నడపవలెను; పిమ్మట రెండవ ప్రక్కకు అట్లే చేయవలెను. టకటకమని వరుసగా చప్పుడు వచ్చినచో చక్రమువద్ద నుండు వెలుపలి జాయింటు అరిగినది. సామాన్యముగా మలుపునకు వెలుపలివైపున నున్న చక్రపు జాయింటే ఎక్కువ చప్పుడు చేయును. ఎడమకు తిరుగునపుడు హెచ్చినచో ముందు కుడి జాయింటును చూడవలెను. నిలువుగా పోవుచు యాక్సిలరేటరు త్రొక్కినపుడు కారు అదరి, కాలు తీయగానే అదురు మానినచో గేరుపెట్టెవైపున నుండు లోపలి జాయింటును అనుమానింపవలెను. త్రొక్కినను, తీసినను మారక, వడితోపాటు హెచ్చు ఎడతెగని ఝంకారము షాఫ్టుది కాకపోవచ్చును; చాలమారులు అది చక్రపు బేరింగుదో, అరిగిన టైరుదో యగును. ఇది తెలియక షాఫ్టు కొన్నవాడు డబ్బును చప్పుడును రెంటిని భరింపవలసి వచ్చును.

ఈ కార్లలో అన్నిటికంటె ముఖ్యమైనది బూటు. చక్రము లోపలివైపున నల్లని గ్రీజు చిమ్మినట్లు కనబడినచో బూటు చినిగినదని తెలియవలెను. అప్పటికి జాయింటు చప్పుడు చేయదు. అందుచేతనే ఎవరును దానిని లక్ష్యపెట్టరు. కాని ఇసుకయు నీరును లోపల జొరబడి, గ్రీజు బయటకు పోయి, గుండ్లును వాని గాళ్ళును అరుగ మొదలిడును. ఆ దశలోనే జాయింటును విప్పి, శుభ్రముగా కడిగి, గాళ్ళలో గుంటలు పడలేదని చూచి, క్రొత్త బూటు, క్రొత్త పట్టీలు వేసి, బూటుతో వచ్చు నల్లని మాలిబ్డినం గ్రీజు చెప్పిన కొలత ప్రకారము నింపినచో జాయింటు చాలకాలము బ్రతుకును. సాధారణపు గ్రీజు ఇచ్చట పనికిరాదు. టకటక మొదలైన పిమ్మట బూటు మార్చి ప్రయోజనము లేదు, జాయింటునే మార్చవలెను. తక్కువ ఖరీదు రబ్బరును చూడనివారు ఎక్కువ ఖరీదు ఉక్కును కొందురు.

విప్పునపుడు హబ్బు నట్టును చక్రము నేలపై నుండగనే వదులు చేయవలెను. షాఫ్టును పట్టి గుంజినచో లోపలి జాయింటు విడిపోవచ్చును. దానిని ఒక కొనతో వ్రేలాడనీయరాదు. గేరుపెట్టెనుండి తీసినపుడు నూనె కారును. అచ్చటి సీలు గట్టిపడియున్నచో మార్చి, కారిన నూనెను తిరిగి నింపవలెను. హబ్బు నట్టు క్రొత్తది వేసి, బండి పుస్తకమున చెప్పిన బిగువునకు కొలత పానాతో బిగింపవలెను.

పల్లెలకు ప్రత్యేకమైన జబ్బొకటి కలదు. కంకులును, ఉలవ మొదలగు చేల కట్టెయు రోడ్డుపై పరచి బండ్లచే త్రొక్కించు అలవాటు కొన్ని తావుల కలదు. ఆ తీగలు షాఫ్టుకు చుట్టుకొని బూట్లను, సీళ్ళను చింపును. వేడెక్కిన పొగగొట్టమును తాకినచో నిప్పంటుకొనుటకును అవకాశము కలదు. అట్టి దారిన వచ్చినవారు బండిని ఆపి, క్రిందికి వంగి చూచుట క్షేమము.

ట్రాక్టరు వెనుక రొటవేటరును, పంపును త్రిప్పు పి.టి.ఓ. షాఫ్టు ఇదే కుటుంబమునకు చెందినది. ఇది అన్నిటికంటె ప్రమాదకరమైనది. దాని సాధారణపు వడి నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకనుకు 9. షాఫ్టు అడ్డుకొలత 8 సెంటీమీటర్లైనచో చుట్టుకొలత సుమారు 25 సెంటీమీటర్లు. ఆ లెక్కన ఒక్క సెకనులో రెండు మీటర్లకు పైగా వస్త్రమును చుట్టుకొనగలదు. పంచె చెంగుగాని, కండువాగాని, చీర కొంగుగాని దానికి చిక్కినపుడు కేక వేయుటకైనను వ్యవధి యుండదు. అందుకే ఆ షాఫ్టుకు ప్లాస్టిక్ తొడుగు అమర్చుదురు. తొడుగు నిలిచి, లోపలి షాఫ్టు మాత్రమే తిరుగవలెను. తొడుగును పట్టియుంచు గొలుసు ఊడినచో తొడుగును గూడ షాఫ్టుతోపాటు తిరుగును. గ్రీజు పెట్టుటకు అడ్డమని తొడుగును తీసి మూల పారవేయుట తగదు. గడ్డి చిక్కినను, పిన్ను ఊడినను, ఇంజను ఆపి, తాళపుచెవి జేబులో వేసికొని, షాఫ్టు పూర్తిగా నిలిచినపిమ్మటనే దగ్గరకు పోవలెను. అధికభారము పడినపుడు తెగవలెనని అమర్చిన బోల్టు స్థానమున గట్టి బోల్టు వేసినచో, తెగవలసిన బోల్టు మిగిలి, షాఫ్టో గేరో తెగును. మలుపువద్ద రొటవేటరును పైకెత్తునపుడు పి.టి.ఓ.ను ఆపనిచో క్రాసులు వాని శక్తికి మించిన కోణమున తిరిగి దడదడలాడును. అరుగుదలకు అది ముఖ్యకారణము.

షాఫ్టు విప్పువాడు తన ప్రాణమును గూర్చి రెండు మాటలు మనస్సునందుంచుకొనవలెను. జాకీ బండిని ఎత్తుటకే గాని మోయుటకు గాదు. ఎత్తిన బండిక్రింద గట్టి స్టాండ్లు పెట్టకుండ దూరరాదు. ఇటుకలు పేర్చి నమ్మరాదు. ఇటుక చెప్పకుండ పగులును. రెండవది, గేరులో నున్నది గనుక బండి కదలదను నమ్మకము షాఫ్టు విప్పిన క్షణమున అబద్ధమగును. చక్రమునకు గేరుపెట్టెకు నడుమ సంబంధము తెగును గదా! ముందుచక్రముల కారులో ఒక్క ప్రక్క షాఫ్టు తీసినను ఫలితమిదియే. కావున చక్రములకు అడ్డులు లేనిదే మొదటి బోల్టునైనను తాకరాదు.

తుదకు యజమానుల ధర్మమొకటి కలదు. చప్పుడును మొదట వినువాడు డ్రైవరు. అతడు చెప్పినపుడు ఇంకొక్క ట్రిప్పు కానిమ్మని త్రోసివేసి, షాఫ్టు తెగిననాడు అతనినే నిందించుట న్యాయము కాదు. చప్పుడు ఎప్పుడు వచ్చుచున్నది, ఎంత వడిలో వచ్చుచున్నది, ఏ ప్రక్కకు తిరిగినపుడు హెచ్చుచున్నది అను మూడు ప్రశ్నలడిగి, జవాబులను కాగితముపై వ్రాసి మెకానిక్కుకు ఈయవలెను. మంచి మెకానిక్కు అట్టి కాగితమును చూచి సంతోషించును. తీసిన పాత సామానును అడిగి చూచుట అవిశ్వాసము గాదు. అది కూడ ఒక చదువే.

గ్రంథాలయములు ఈ చదువునకు తోడ్పడగలవు. ఊరిలో నడచు ట్రాక్టరుకు, జీపుకు, కారుకు కంపెనీవారు ప్రకటించిన మరమ్మతు పుస్తకములు కావ్యముల ప్రక్కనే బీరువాలో నుండవలెను. గ్రీజు మరకలు పడిన పుట గ్రంథాలయమునకు అవమానము కాదు. ఆ పుస్తకము ఎవరికో అక్కరకు వచ్చినదనుటకు అది సాక్ష్యము. ఇరువదియైదు వత్సరములు అక్షరములను చదివించిన ఈ గ్రంథాలయము రాబోవు వత్సరములయందు చేతిపనికి వలయు జ్ఞానమును సైతము ఇంటింట పంచుగాక! ఈ ఊరి బండ్లు బయలుదేరిన చోటినుండి చేరవలసిన చోటికి క్షేమముగా చేరుగాక!